రాగిరేకుల కేసు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లుల సంగతులు కార్యదర్శిగారు వివరంగా చెప్పేశారు. భోజనాలకు ఇంకా అరగంట ఉంది, ఏదైనా కాలక్షేపంగా ఉండేది మాట్లాడమని నన్ను నిలబెట్టారు. నాకు కాలక్షేపమంటే డిటెక్టివ్ కథలే. ట్రెజరీలో పనిచేసిన రోజుల్లో బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల కొట్టులో కొమ్మూరి సాంబశివరావుగారి నవలలు తెచ్చుకుని, రాత్రి లాంతరు కింద చదివి, పొద్దున్నే తిరిగి ఇచ్చేవాణ్ణి. డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు నాకు చుట్టాల్లాంటి వాళ్లు. ఆ కథల్లో ఎప్పుడూ ఇద్దరుండాలి. ఇంగ్లీషు వాళ్ల షెర్లాక్ హోమ్స్‌కూ ఒక డాక్టర్ వాట్సన్ ఉన్నాడు. ఒకడికి కనపడేది రెండోవాడికి కనపడదు.

అలాంటి కేసు ఒకటి మన తిరుపతిలోనే నడిచింది. హత్య లేదు, దొంగ లేడు. ఉన్నది ఒక గది, గదిలో వేల కొద్దీ రాగిరేకులు, వాటి మీద చెక్కిన పాటలు. ఆ పాటలు కట్టిన మనిషి ఎవరు, ఎప్పటివాడు, ఎన్నేళ్లు బతికాడు అన్నదే కేసు. పట్టుకున్నవాళ్లు ఇద్దరు శాస్త్రులు. ఒకరు రాళ్లు చదివేవారు, ఒకరు తాటాకులు చదివేవారు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు.

ఎవరి కేసో మీకు ఈపాటికి తెలిసిపోయింది. తాళ్లపాక అన్నమాచార్యులవారిది. 1997లో సినిమా వచ్చిన తరువాత ఆయన సంగతి తెలియని ఇల్లు లేదు. 2022లో మన ఉమ్మడి చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడే ఆయన పేరుతో ఇంకొక జిల్లా కూడా వెలిసింది. కానీ నూరేళ్ల కిందటి మాట అనుకోండి. అప్పుడు ఆయనదని చెప్పే జోలపాట ఇళ్లల్లో తల్లులు పాడుకుంటూనే ఉన్నారు. అది ఎవరు కట్టారని అడిగితే మాత్రం చెప్పేవాళ్లు అరుదు.

"నాలుగు వందల ఏళ్లు రేకులు ఎవరికీ తెలియకుండా ఒక రహస్యపు గదిలో పడి ఉన్నాయి, 1922లో ఉన్నట్టుండి బయటపడ్డాయి" అని సాధారణంగా చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది. డిటెక్టివ్ కథలు చదివినవాణ్ణి గనక నాకు ఇక్కడే అనుమానం వచ్చింది. ఆ గది ఆలయం లోపలే, శ్రీవారి హుండీకి దగ్గరలో, భాష్యకారుల సన్నిధి పక్కన ఉంది. దాని పేరు సంకీర్తనా భండారం. ఇంకో పేరు ఏమిటో తెలుసునా? తాళ్లపాక అర. గది పేరులోనే ఇంటిపేరు ఉంది! పైగా వాకిలికి అటూ ఇటూ రాతి మీద రెండు బొమ్మలు చెక్కారు. ఒకటి అన్నమయ్య, రెండోది ఆయన కొడుకు పెదతిరుమలాచార్యులు. తాళ్లపాకవారి వంశస్థులు సుప్రభాత వేళకూ కళ్యాణోత్సవానికీ తమ మర్యాదలు నిలుపుకుంటూ స్వామి సన్నిధిలో కనిపిస్తూనే ఉన్నారు. సొత్తు ఇక్కడే ఉంది, సొంతదారుడి బొమ్మ గుమ్మానికే ఉంది, వారసులు రోజూ వచ్చిపోతున్నారు. అయినా కేసు మూతపడే ఉంది. మన ఆఫీసుల్లో బీరువాలో ఉన్న ఫైలు "కనపడటం లేదు" అని నోట్ పెట్టడం మనం చూడలేదూ? అట్లాగే అనుకోండి.

1922కు నూరేళ్లు ముందే ఒక తెల్లదొర ఈ రేకుల దాకా వచ్చాడు. ఆయన పేరు ఎ. డి. క్యాంబెల్, మద్రాసులో కంపెనీ కొలువు. బ్రౌన్ దొర కంటే ముందే తెలుగు వ్యాకరణం రాసి 1816లో అచ్చు వేయించాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసిన వేరే కుటుంబమని ఎల్లిస్ దొర వాదించిన ప్రసిద్ధమైన వ్యాసం కూడా ఆ పుస్తకంతోనే వెలువడింది. క్యాంబెల్‌తో ఎవరో తిరుపతిలో రాగిరేకుల మీద తెలుగు వ్యాకరణం చెక్కి ఉందని చెప్పారు. ఆయన ఊరుకోలేదు, వాటిని పరీక్ష చేయించాడు. కొన్ని వేల రేకులున్నాయి. చూస్తే దాదాపు అంతా దేవుడి మీద స్తోత్రాలే. ఆ మాటే తన పుస్తకంలో రాసి ఊరుకున్నాడు.

ఆయన్ని తప్పు పట్టడానికి చెప్పటం లేదు. ఆయన వెతికింది వ్యాకరణం. దొరికింది పాటలు. తనకు కావలసిన కాగితం కాదు గనక పక్కన పెట్టాడు. వింత ఏమిటంటే, ఆ తాళ్లపాకవారి రచనల్లోనే సంకీర్తన లక్షణం అని ఒక శాస్త్రం ఉంది. పాట ఎట్లా కట్టాలో చెప్పే వ్యాకరణం అది. తాత అన్నమయ్య సంస్కృతంలో రాశాడనీ, మనవడు చినతిరుమలాచార్యులు తెలుగు చేశాడనీ ఆ పుస్తకమే చెబుతుంది. దొరగారు అడిగిన వ్యాకరణం కాకపోయినా, వ్యాకరణమంటే వ్యాకరణమే.

సరే, మన ఇద్దరి దగ్గరకు వద్దాం.

ఆ రోజుల్లో కొండ మీద పెత్తనం హాథీరాంజీ మఠం మహంతులది. 1843 నుంచి 1933 దాకా వారే నడిపారు. వారి కాలం చివరి ఏళ్లలో దేవస్థానంలో శాసనాల పని మొదలైంది. ఆ పనికి కుదిరినవారు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు. శాసనం చదవడమంటే గోడ ముందు నిలబడి పేపరు చదివినట్టు కాదు. ముందు రాయిని బ్రష్షుతో కడగాలి. తడి కాగితం పరచి, అక్షరపు గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టాలి. కాస్త ఆరనిచ్చి పైన మసి అద్దాలి. కాగితం నల్లగా, అక్షరం తెల్లగా వస్తుంది. ఆ తరువాత మొదలవుతుంది చదవడం. తిరుమల, తిరుపతి, తిరుచానూరు గుళ్లల్లో అట్లా వెయ్యికి పైగా శాసనాలు లెక్కకు వచ్చాయి. 1930లో శాస్త్రిగారి నివేదిక అచ్చయింది. 1930ల్లోనే శాసనాల సంపుటాలు వరసగా వచ్చాయి. అప్పుడే పండితులు విజయరాఘవాచార్యులు మొదలైనవారు రేకుల్లోని రచనలను కూడా అచ్చుకు ఎక్కించడం మొదలుపెట్టారు.

ఇక్కడొక చిక్కుంది, మన చిత్తూరు వాళ్లకు బాగా అర్థమయ్యే చిక్కు. తిరుమల శాసనాల్లో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నాయి. తెలుగు కవి చరిత్ర వెతికేవాడు తెలుగు ఒక్కటే చదివితే ఆ గోడల ముందు గుడ్డివాడే. ఆ తమిళ శాసనాల్లో మన వాళ్ల పేరు ఎట్లా ఉందనుకున్నారు? తాళ్లపాక్కం తిరుమలై అయ్యంగార్, అన్నమయ్యంగార్ కుమారుడు! కడప సీమలో రాజంపేట పక్కనున్న తాళ్లపాక నుంచి వచ్చిన తెలుగాయన అయ్యంగారు ఎట్లా అయ్యాడు? డిటెక్టివ్ నవలల్లో వేరే పేరుతో హోటల్లో దిగిన మనిషి ఉంటాడే, అట్లా ఉంది వ్యవహారం. ఆ అయ్యంగారూ ఈ ఆచార్యులూ ఒకరేనని రెండు భాషలూ ఎదురెదురుగా పెట్టుకుంటేనే తెలుస్తుంది. సరిహద్దు జిల్లాలో పుట్టినవాళ్లకు ఆ సౌకర్యం ఉంది. మనలో ఎంతమందికి ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష!

ఆ శాసనాలు చెప్పేది దానాల సంగతి. ఏ ఊరు ఇచ్చారు, ఏ పూజకు ఇచ్చారు, ప్రసాదంలో ఎవరి వాటా ఎంత. ట్రెజరీ వాడిగా చెబుతున్నాను, అంత శుభ్రమైన ఖాతా నేను సర్వీసులో చూడలేదు. కానీ ఖాతా నుంచి మనిషి బయటకు రాడు. పెదతిరుమలాచార్యులకు పలుకుబడి ఉంది, ఊళ్లు దానం చేసే స్తోమత ఉంది, తండ్రి పాటలను రాగి మీదకు ఎక్కించింది ఆయన పూనికే అని తెలుస్తుంది. తండ్రి ఎట్లాంటివాడో రాయి చెప్పదు.

అది చెప్పింది తాటాకు. దానికి రెండో శాస్త్రిగారు రావలసి వచ్చింది.

వేటూరి ప్రభాకరశాస్త్రిగారిది కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లి. 1888లో పుట్టారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి శిష్యులు. మద్రాసులో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో చాలా ఏళ్లు పనిచేశారు. ఊరూరా జనం నోట్లో నలిగే చాటుపద్యాలను ఏరి చాటుపద్య మణిమంజరి తెచ్చారు, క్రీడాభిరామం పరిష్కరించారు. ఇదంతా ఒక ఎత్తు, మాస్టర్ సి.వి.వి. గారి యోగం అభ్యసించి రోగులకు చికిత్స చేయడం ఒక ఎత్తు. ఒళ్లు బాగాలేనివాళ్లు ఆయన ఇంటికి వచ్చేవారు. ఒకరు కొలత తప్పని శాసన పరిశోధకులు, మరొకరు కవి, యోగి, తాటాకుల వేటగాడు. ఈ ఇద్దరినీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టి జంట డిటెక్టివులంటే కొమ్మూరి వారి పాఠకులు నవ్వుతారు.

1939లో దేవస్థానం వారు తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధనాలయం స్థాపించారు. ప్రభాకరశాస్త్రిగారు అక్కడికి వచ్చి చేరాక, తాళ్లపాకవారి మీద పడ్డారు. అన్నమయ్య మనవడు చినతిరువేంగళనాథుడు, చిన్నన్న అంటారు, తాతగారి కథను ద్విపదలో రాశాడు. ఆ అన్నమాచార్య చరిత్రమును శాస్త్రిగారు పెద్ద పీఠికతో 1949లో వెలికి తెచ్చారు. అయ్యంగారు చిక్కు దానితో విడిపోయింది. అన్నమయ్య పిల్లవాడుగా తిరుమల చేరి, అక్కడ ఘనవిష్ణువు అనే యతి వల్ల వైష్ణవ దీక్ష తీసుకున్నాడని చిన్నన్న చెబుతాడు. అహోబిలంలో శఠకోపయతి దగ్గర చదివాడనీ చెబుతాడు. రాతి మీది అయ్యంగారుకు కారణం తాటాకులో ఉంది.

ఇంక అసలు లెక్క. మనందరికీ సర్వీసు రిజిస్టరులో మొదటి పేజీ పుట్టిన తేదీ. అది తప్పుపడితే ఎంత అగచాట్లో తెలియని పెన్షనర్ లేడు. అన్నమయ్యకు అది తేల్చింది ఎట్లాగో చూడండి. మొదటి రేకు మీద ఒక పరిచయం చెక్కారు. శాలివాహన శకం 1346 క్రోధి సంవత్సరంలో స్వామి ప్రత్యక్షమైనది మొదలు, 1424 దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకూ ఆయన పాడిన పాటలని దాని సారాంశం. అంటే డ్యూటీలో చేరిన తేదీ, డ్యూటీ దిగిన తేదీ రాగి మీద ఉన్నాయి. చేరేనాటికి వయసెంత అన్నదానికి జవాబు కూడా ఆ రేకు మీదే ఉంది. స్వామి కనపడింది పదహారో ఏట. శకం 1346 అంటే క్రీస్తు లెక్కలో 1424. అందులో పదహారు తీసేస్తే 1408. పంచాంగం తెలిసినవాళ్లు వేళ్ల మీద చూడండి, క్రోధి ముప్పై ఎనిమిదోది, పదహారేళ్లు వెనక్కిపోతే ఇరవై రెండోది సర్వధారి. ఆయన పుట్టింది సర్వధారి అనే మన వాళ్లు చెప్పుకుంటారు. రాగి చెప్పిన లెక్క తీసుకెళ్తే పంచాంగం తలూపింది. 1408లో పుట్టి 1503లో స్వామిలో కలిశారు. తొంభై అయిదేళ్లు. పాటల సర్వీసు డెబ్బై ఎనిమిదేళ్లు దాటింది, ఒక్క ఇంక్రిమెంటు లేకుండా!

ఇంకో సరదా. మొన్న 2024 ఉగాదికి వచ్చింది క్రోధే. అరవై ఏళ్ల చక్రం పది సార్లు తిరిగి, సరిగ్గా ఆరు వందల ఏళ్లకు, ఆయన పాట మొదలుపెట్టిన సంవత్సరం పేరే మళ్లీ వచ్చింది. ఆయన వెళ్లిపోయిన దుందుభి మనలో చాలామందికి 1982 ఉగాదికి తగిలింది.

కథలో రాజుకు మాత్రం రాయి, తాటాకు రెండు సాక్ష్యాలూ కావాలి. అన్నమయ్యను ఆదరించిన రాజు, తరువాత తన మీద పాట కట్టమని అడిగి, కాదంటే సంకెళ్లు వేయించిన రాజు చిన్నన్న కథలో ఉన్నాడు. ఆ సాళువ నరసింహుడు కట్టుకథ మనిషి కాదని మన చంద్రగిరి చెబుతుంది, తిరుమలలో ఆయన దానశాసనాలు చెబుతాయి. సంకెళ్లు వాటంతట అవే ఊడాయా అంటే అది భక్తుల మాట, నేను దాని జోలికి పోను. రాజు ఉన్నాడు, కాలం కుదిరింది. డిటెక్టివుకు అంత చాలు.

మీరు గమనించే ఉంటారు, ఈ ఇద్దరికీ కేసును అప్పగించినవాళ్లు లేరు. ఒకరికి శాసనాలు నకలు తీసే ఉద్యోగం, ఇంకొకరికి గ్రంథాలు పరిష్కరించే ఉద్యోగం. ఒకరు 1930 నాటికి రాసిపెట్టింది, ఇంకొకరు 1949లో విప్పినదానికి ఆనుకుంది. నెల జీతం మీద, సెలవు చీటీల మధ్య చేసిన పని అది. నాకు అందుకే ఇది మన సంఘంలో చెప్పదగిన కథ అనిపించింది.

ప్రభాకరశాస్త్రిగారు 1950లో తిరుపతిలోనే కాలం చేశారు. కేసు అక్కడ ఆగిపోయేదే. అప్పుడు వచ్చిన మూడో ఆయన మన పెన్షనర్లలో మొదటివాడు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, అనంతపురం జిల్లా వారు, మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పి రిటైరై తిరుపతికి వచ్చారు. విరామం తీసుకోవలసిన వయసులో రేకుల ముందు కూర్చుని సంపుటం తరువాత సంపుటం పరిష్కరించారు. ఆయన సంగీత విద్వాంసులు కూడా. 1974లో మద్రాసు సంగీత అకాడమీ వారు సంగీత కళానిధి ఇచ్చారు.

సంగీతం ఎందుకు అవసరమైందంటే, రేకుల మీద ప్రతి పాటకూ పైన రాగం పేరు ఉంది. స్వరం లేదు. ఆయన గొంతులో ఆ పాట ఎట్లా నడిచిందో చెప్పే గుర్తు ఆ రేకుల్లో లేదు. రాగాల్లో కొన్ని ఇప్పుడు ఎవరూ పాడనివి. శర్మగారు నూటికి పైగా పాటలకు తానే వరసలు కట్టారు. తరువాత బాలమురళీకృష్ణగారు, ఇంకా ఎంతోమంది కట్టారు. 1978లో దేవస్థానం వారు అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టారు. పొద్దున్నే మన ఇళ్లల్లో రేడియోలో, కేసెట్లో, ఇప్పుడు మనవళ్ల సెల్‌ఫోన్‌లో వినపడేవి ఈ వరసలు. చాలామంది అవి అన్నమయ్య పాడిన వరసలే అనుకుంటారు. మాట ఆయనది, వరస మన కాలం వారిది. ఈ సంగతి చెబితే మా ఇంట్లోనే ఒకరు నా మీద కోపం తెచ్చుకున్నారు. వరస బాగుంటే ఎవరిదైతేనేం అన్నారు. అదీ ఒక న్యాయమే గానీ, నాకు మాత్రం ఆ తేడా తెలిసి వినటమే ఇష్టం.

అంతేకాదు, సొత్తు పూర్తిగా దొరకలేదు. అన్నమయ్య ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పాడని చిన్నన్న లెక్క. రేకుల్లో మిగిలినవి అందులో సగానికి రావు. మిగతావి ఏమయ్యాయి? రాగి విలువైన లోహం. కరిగిపోయాయని కొందరు అంటారు, అసలు చెక్కనే లేదని కొందరు. ఫైలు ఇంకా తెరిచే ఉంది.

నేను పుత్తూరు వైపు పల్లెటూరి వాణ్ణి. నా చిన్నప్పుడు మా వీధిలో ఒక పెద్దాయన పోయాక, ఆయన అటక మీద ఉన్న తాటాకు కట్టలు గంపకు ఎత్తి ఏట్లో వదిలారు. చెత్తలో వేయలేదు, పసుపు కుంకుమ చల్లి భక్తిగా వదిలారు. చదవలేని పుస్తకాన్ని ఇంట్లో ఉంచుకుంటే దోషమని వాళ్ల నమ్మకం. తమిళనాట ఉ.వే. స్వామినాథయ్యరుగారు సంగం నాటి గ్రంథాల కోసం తిరిగినప్పుడు ఆయనకూ ఇదే ఎదురైంది, కొన్నిచోట్ల ఆయన వెళ్లేసరికే ఆకులు అగ్నికి ఆహుతి అయ్యాయి. రాగిరేకు అయితే గదిలో అయిదు వందల ఏళ్లు ఉంటుంది. తాటాకు అంత కాలం ఉండదు, చెదలు ఆగవు, అటక దులిపే కోడలు అంతకన్నా ఆగదు. (కోడళ్లు మన్నించాలి, అత్తలు కూడా అదే పని చేస్తారు.)

అందుచేత ఒక విన్నపం చేసి కూర్చుంటాను, భోజనాల గంట కూడా మోగేట్టుంది. 1939లో దేవస్థానం పెట్టిన ఆ ప్రాచ్య పరిశోధనాలయం 1956లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందింది. తాళపత్రాలు భద్రపరిచే చోటు అది. మీ స్వగ్రామంలో పాత ఇల్లు అమ్మేటప్పుడు, పంపకాలప్పుడు, అటక మీద తాటాకు కట్ట కనపడితే దారం విప్పొద్దు, నూనె రాయొద్దు, ఎండలో ఆరబెట్టొద్దు. గుడ్డలో చుట్టి, ఏ ఊరిలో ఎవరి ఇంట్లో దొరికిందో ఒక చీటీ రాసి పెట్టి, తిరుపతికి వచ్చినప్పుడు అక్కడ చూపించండి. వచ్చే నెల నా లైఫ్ సర్టిఫికెట్ పనికి నేను ఎటూ యూనివర్సిటీ వైపు వెళ్తాను. చేతకానివాళ్లు ఉంటే నాకు చెప్పండి, మోసుకెళ్తాను.